గండికోట కొండ దిగుడు: సైకిళ్ళ గుంపును కిందికి ఎలా దింపాలి

"దిగేటప్పుడు తొక్కే పనే లేదు గదా, దాంట్లో నేర్చుకునేదేముంది?"

గండికోటకు సైకిళ్ళు తీసుకుపోదామని అన్నప్పుడల్లా మా ప్రొద్దుటూరు బంధువుల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నేను చూసిన పడిపోవడాలన్నీ దిగేటప్పుడు జరిగినవే. ఎక్కేటప్పుడు కాళ్ళు పట్టేస్తే మనిషి తానే దిగి నడుస్తాడు. దిగేటప్పుడు ఒళ్ళు అలా ఏమీ చెప్పదు. బండి దానంతటదే వేగం పుంజుకుంటుంది, గాలి ముఖానికి కొడుతుంటే హాయిగా ఉంటుంది, మలుపు ఎదురొచ్చాక గానీ బ్రేకు గుర్తుకు రాదు.

ఒక్కరే దిగితే ఆ తిప్పలు మీవే. ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని మీరు ముందు నడుస్తుంటే మాత్రం లెక్క మారుతుంది. గుంపు వేగం మీ బండిని బట్టి ఉండకూడదు, గుంపులో అందరికన్నా అధ్వానమైన బ్రేకులు ఎవరి సైకిలుకు ఉన్నాయో దాన్ని బట్టి ఉండాలి. నేను చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

దారి ముందు మీరు చూడండి

కడప జిల్లాలో దిగుడు అనగానే చాలామందికి గువ్వలచెరువు ఘాటు గుర్తొస్తుంది. వద్దు. అది కడప, రాయచోటి మధ్య జాతీయ రహదారి, లారీలు ఆగకుండా తిరిగే దారి. గువ్వలచెరువు పాలకోవా తినాలనుంటే బస్సులో పోయి తినండి. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే నల్లమల దారి కూడా మనకు పనికిరాదు, అది పులుల అభయారణ్యం. మొదటిసారి గుంపును తీసుకెళ్ళేవాళ్ళకు గండికోట నుంచి జమ్మలమడుగు దారి సరిపోతుంది. సుమారు 15 కిలోమీటర్లు. అంతా దిగుడు కాదు. ఎర్రమల కొండ మీద కాసేపు చదునుగా సాగి, తర్వాత వాలు దిగి, ఆపైన ఊరి దాకా కాళ్ళకు పని చెబుతుంది. కొత్తవాళ్ళకు ఈ పాళ్ళే మంచివి.

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి, గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకు వచ్చాడు. అప్పటి కొండదారి ఎంత ఇరుకో, ఎంత కష్టమో రాసిపెట్టాడు కూడా. ఇప్పుడు తారు రోడ్డుంది. కాబట్టి ఇబ్బందులు వేరే రకంగా వస్తాయి.

బయలుదేరే ముందు రోజు, మీరు దిగాలనుకున్న గంటకే, మోటారు సైకిలు మీద ఒకసారి ఆ దారి దిగి చూడండి. తేదీ కన్నా గంట ముఖ్యం. ఎందుకంటే గండికోట జమ్మలమడుగుకు పడమర దిక్కున ఉంది. పొద్దున దిగుతుంటే మీ ముఖం తూర్పుకు ఉంటుంది, సూర్యుడు సూటిగా కళ్ళలో పడతాడు. మలుపు తిరిగిన క్షణంలో రోడ్డు మీద ఏముందో కనిపించదు. పోనీ సాయంత్రం దిగుదామా అంటే ఎండ మీ వీపుకు తగులుతుంది, మీకు హాయే, కానీ ఎదురుగా కారులో వచ్చేవాడికి ఎండ కళ్ళలో పడి మీరు కనబడరు. అందుకని శీతాకాలంలో కోట మీద సూర్యోదయం చూసి, తీరిగ్గా ఏమైనా తిని, ఎనిమిదిన్నరకు కదలడం నా అలవాటు. అప్పటికి సూర్యుడు కాస్త పైకి జరుగుతాడు. సూర్యోదయం కోసం వచ్చిన కార్లు కూడా చాలావరకు వెళ్ళిపోయి ఉంటాయి. ఆదివారం మాత్రం రద్దీ తగ్గదు, వేరే రోజు చూసుకోండి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే పదింటికే రోడ్డు కాలిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్టోబరులో వాన పడితే ఇనుప రిమ్ముల మీద బ్రేకు రబ్బరు పట్టదు, జారిపోతుంది.

మోటారు సైకిలు మీద పోతున్నప్పుడు ఏం చూడాలి? మలుపుల్లో పోగైన గులకరాళ్ళు. నాపరాళ్ళ లారీలూ ట్రాక్టర్లూ తిరిగే ప్రాంతం గనుక దారిలో రాలిపడ్డ బండ ముక్కలు. రంగు పోయిన స్పీడ్ బ్రేకర్లు. కల్వర్టు దగ్గర తారు తెగిన చోట్లు. వీటిని గుర్తుంచుకోవడం కాదు, చీటీ మీద రాసుకోండి. "పెద్ద వేపచెట్టు దాటినాక ఎడమ మలుపు, లోపలంతా కంకర" అని రాసుకున్న చీటీ నా జేబులో ఇప్పటికీ ఉంది.

ఎవరు ఎక్కడ

ఎనిమిది మందికి మించొద్దు. ముందు మీరు, చివర ఒక అనుభవమున్న మనిషి. అతన్ని మేము 'తోక బండి' అంటాం. తోక బండిని ఎవరూ దాటి వెనకపడకూడదు, మిమ్మల్ని ఎవరూ దాటి ముందుకు పోకూడదు. నియమం ఇంతే. పంపు, ట్యూబులు, పానాలు, గాయాలకు కట్టు సామాను తోక బండి దగ్గరే ఉండాలి, మీ దగ్గర కాదు. పంచరైనవాడు, పడినవాడు ఎప్పుడూ మీ వెనకే ఉంటాడు గదా!

మీ వెనకే, అంటే రెండో స్థానంలో, గుంపులో అందరికన్నా భయపడేవాళ్ళను పెట్టండి. మీరు పోయిన గీతలోనే వాళ్ళు వస్తారు. దుడుకు కుర్రాళ్ళను నడుమ పెట్టాలి. చివర పెడితే తోక బండివాణ్ణి పందేనికి పిలుస్తారు.

సైకిళ్ళను కొండెక్కించడానికి చిన్న ట్రాలీ బండి మాట్లాడుకోండి. కింద గోనెసంచులు పరిచి, చైను వైపు పైకి వచ్చేలా, ఒకదాని ముందు చక్రం ఇంకోదాని వెనక చక్రం పక్కన పడేలా పేర్చండి. కట్టడానికి తాడు కన్నా పాత ట్యూబు ముక్కలు మేలు. సాగుతాయి, రంగు గీయవు. మనుషులను మాత్రం ఆ ట్రాలీలో ఎక్కించొద్దు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికీ తప్పే, వాలు మలుపుల్లో ప్రాణానికీ తప్పే. వాళ్ళకు వేరే బండి చూడండి.

బ్రేకులు

ఒకసారి చుట్టాల పిల్లలు కడప నుంచి వస్తే నాలుగు సైకిళ్ళు అద్దెకు తెచ్చాం. కొండ మీద దించి చూసుకుంటే ఒకదానికి ముందు బ్రేకు కేబులే లేదు. షాపులో ఫోన్ చేసి అడిగితే, "ముందు బ్రేకు పడితే పల్టీ కొడతారని మేమే తీసేసినాం" అన్నాడు, ఏదో ఉపకారం చేసినట్టు. ఆ సైకిలును ట్రాలీలోనే వెనక్కి పంపించాం, ఆ పిల్లాడు మూతి ముడుచుకుని ట్రాలీ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అప్పటి నుంచి సైకిళ్ళను కింద ఊళ్ళోనే చూస్తాను, కొండ మీద కాదు.

ముందు బ్రేకు పల్టీ కొట్టిస్తుందన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది. సగం నిజమే. వాలులో ఒక్కసారిగా గట్టిగా పట్టేస్తే ముందు చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిలు మీదుగా పోతాడు. కానీ ఆపగలిగే బలం ఎక్కువగా ఉన్నది కూడా ఆ ముందు బ్రేకుకే. బ్రేకు వేయగానే మన బరువు ముందుకు తూగుతుంది, ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుని వాలు దిగేవాడు చక్రం ఈడ్చుకుంటూ పోతాడే గానీ ఆగడు.

ప్రతి సైకిలుకూ మీ చేత్తో ఇవి చేసి చూడండి.

బ్రేకు లివరు నొక్కితే హ్యాండిలుకు తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ళ సందు మిగలాలి. తగిలితే కేబులు బిగించాలి.

ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు నెట్టండి. వెనక చక్రం పైకి లేవాలి. వెనక బ్రేకు పట్టి నెడితే వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా ఆ సైకిలు ఆ రోజుకు దిగదు. మొహమాటం వద్దు.

బ్రేకు రబ్బర్లకు గాట్లు కనబడుతున్నాయా? అరిగి నున్నగా అయితే మార్చండి. రబ్బరు రిమ్ముకే తగలాలి. టైరుకు రాసుకుంటుంటే ఆ రాపిడికి టైరు పక్కభాగం కోసుకుపోతుంది. డిస్కు బ్రేకులైతే ఆ ఇనుప పళ్ళేనికి నూనె తగలనీయొద్దు, చైనుకు నూనె వేసేవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు.

ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిలు మెడ దగ్గర టకటక శబ్దం వస్తే అక్కడ వదులుంది. చక్రాలు పట్టి పక్కకు ఊపి చూడండి, నట్లూ క్లాంపులూ బిగుతుగా ఉండాలి.

గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. లావు టైరుకు అందులో నడిమి లెక్క చాలు. బాగా బిగుతుగా కొడితే గులకరాళ్ళ మీద ఎగురుతుంది.

ఆఖరున పాత గుడ్డ ఒకటి తీసుకుని టైరు చుట్టూ తిప్పండి. మన ప్రాంతంలో పంచర్లకు మేకుల కన్నా పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ కారణం. ముల్లుంటే గుడ్డకు తగులుకుంటుంది. సైకిళ్ళను పచ్చిక మీద పడుకోబెట్టొద్దని అందరికీ చెప్పండి. పల్లేరు తీగ అక్కడే ఉంటుంది.

హెల్మెట్ విషయం పొట్టిగా: కనుబొమ్మల పైన రెండు వేళ్ళ ఎత్తున కూర్చోవాలి, పట్టీ కింద ఒకటి రెండు వేళ్ళే దూరాలి. వెనక్కి జారిన హెల్మెట్ నుదుటిని కాపాడదు. లేనివాళ్ళు దిగరు. చున్నీ, లుంగీ, వదులు ప్యాంటు అంచు చైనులో పడకుండా కట్టుకోవాలి.

కొండ మీద ఇరవై నిమిషాలు

ఇది చాలామంది వదిలేసే పని. నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో ఇదే ముఖ్యమైనది.

కోట బయట బండ్లు ఆపుకునే చోట చదునైన జాగా చూసి, సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఒక్కొక్కరు నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చి ఆ గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టాలి. మొదటిసారి వెనక బ్రేకు ఒక్కటే. రెండోసారి రెండూ కలిపి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు కొద్దికొద్దిగా బిగిస్తూ. ఎక్కడ ఆగారో రెండుసార్లూ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం చూశాక ఇంకే ఉపన్యాసం అక్కర్లేదు. ఏ లివరు ఏ చక్రానిదో కూడా అక్కడే ప్రతి ఒక్కరితో పైకి చెప్పించండి, అన్ని సైకిళ్ళకూ ఒకేలా ఉండదు.

ఆ తర్వాత సీటు రెండంగుళాలు దించుకోమనండి. పెడళ్ళు రెండూ నేలకు సమానంగా, పిరుదులు సీటు మీద తేలికగా, కాస్త వెనక్కి. మోచేతులు వంచి ఉంచాలి. చేతులు కర్రల్లా బిగిస్తే ప్రతి గుంతా భుజానికి తగులుతుంది. రెండేసి వేళ్ళు ఎప్పుడూ లివర్ల మీదే ఉండాలి.

మలుపు గురించి మూడు మాటలు. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. వంగినప్పుడు బ్రేకు బిగిస్తే చక్రం జారుతుంది. మలుపు బయటి వైపు ఉన్న పెడలు కిందికి ఉండాలి, లోపలి పెడలు పైకి, లేకపోతే అది నేలకు కొడుతుంది. ఇక కళ్ళు. ఎక్కడికి చూస్తే సైకిలు అక్కడికే పోతుంది. గుంతను చూస్తూ గుంతలో పడనివాణ్ణి నేను చూడలేదు. మలుపు అవతల రోడ్డు ఎక్కడ కనిపిస్తోందో అక్కడ చూడమనండి.

కేకలు కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. దిగేటప్పుడు చెయ్యెత్తి సైగలు చేయడం కొత్తవాళ్ళకు ప్రమాదం, ఒక చేయి బ్రేకు వదిలేసినట్టే. నోటితో చెప్పుకోవడం మేలు. "కంకర", "బండి", "జీవాలు", "ఆగు". నాలుగు మాటలు చాలు. ముందువాడు అరిస్తే వినిపించినవాడు వెనక్కి అందించాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే తీయించండి.

ఒక హెచ్చరిక. ఫోటోల కోసం సైకిళ్ళు పెన్నా లోయ అంచు బండల దాకా తోసుకుపోవాలని అందరికీ ఉబలాటమే. కింద పెన్న దాదాపు 300 అడుగుల లోతున ఉంటుంది. సైకిళ్ళు బయటే ఉంచి నడిచి వెళ్ళి చూసి రండి.

దిగుడు

బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరినీ విడివిడిగా వదలండి. ముందున్న సైకిలు ఏదైనా చెట్టునో, కరెంటు స్తంభాన్నో దాటగానే వెనకవాడు లెక్కపెట్టాలి: ఒకటీ, రెండూ, మూడూ, నాలుగు. నాలుగు అనకముందే ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరున్నట్టు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 8 మీటర్ల పైనే పోతాం. నాలుగు సెకన్లంటే 33 మీటర్లు. ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఎదుటివాడు పడ్డాడని మన బుర్రకు తెలిసేలోపే ఒక సెకను అయిపోతుంది. ఇంకో సంగతి: వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు అవుతుంది. ఇది పిల్లలకు బడిలో చెప్పే లెక్కే, రోడ్డు మీద ఎవరికీ గుర్తుండదు.

మీరు ముందు ఉన్నారు కాబట్టి వేగం మీ చేతిలోనే. గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా పొండి. మీకు విసుగ్గా ఉంటే సరిగ్గా పోతున్నట్టే.

బ్రేకును వాలు పొడుగునా నొక్కి పెట్టొద్దు. రాపిడికి రిమ్ము వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే లోపలి ట్యూబు పేలిపోవచ్చు. డిస్కులైతే పట్టు తగ్గుతుంది. కాసేపు గట్టిగా పట్టి వేగం తగ్గించి, కాసేపు వదలాలి. చేతులు నొప్పి పుడుతున్నాయని ఎవరైనా అంటే సిగ్గుపడాల్సింది లేదు, అది బ్రేకులు ఎక్కువ వాడుతున్న గుర్తు. ఆపండి. వాలు మధ్యలో ఎలాగూ ఒకసారి ఆగాలి. ఆగే చోటు మలుపులో ఉండకూడదు. రెండు వైపులా దూరం నుంచి కనిపించే సూటి దారిలో, తారు దిగి, ఎడమ పక్కన. తోక బండి వచ్చేదాకా కదలొద్దు. తలలు లెక్కపెట్టండి. రిమ్ములు, డిస్కులు ముట్టుకోనీయొద్దు, కాలుతాయి.

హ్యాండిలు వణకడం మొదలైతే కొత్తవాళ్ళు బిగించి పట్టుకుంటారు, వణుకు ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళతో సైకిలు పైకడ్డీని రెండు వైపుల నుంచీ ఒత్తి, పట్టు వదులు చేసి, మెల్లగా వెనక బ్రేకుతో వేగం తగ్గించాలి.

ఇక మన దారుల్లో మాత్రమే ఎదురయ్యేవి. శనగలు ఇంటికొచ్చే కాలంలో రైతులు రోడ్డు మీద పంట ఎండబోస్తారు. తారు మీద శనగలంటే గోళీలే, చక్రం నిలవదు. పైగా అది ఒకరి ఏడాది కష్టం. దిగి, పక్క నుంచి నడిపించుకుపొండి. గొర్రెల మంద వస్తే పూర్తిగా ఆగిపోవాలి. మొదట్లో నేను గంట కొట్టుకుంటూ మధ్యలో దూరబోయాను. కాపరి ఒకాయన కర్ర అడ్డం పెట్టి, "గంట కొడితే గొర్రె యింటాదా సామీ? నిలబడుకో, అదే పోతాది" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కుక్క తరిమితే కాలితో తన్నొద్దు, అలా తన్నబోయే పడేది. వేగం తగ్గించి గట్టిగా కసిరితే చాలా కుక్కలు ఆగుతాయి. తినే వస్తువులున్న ప్లాస్టిక్ సంచి హ్యాండిలుకు తగిలించొద్దు. కోతులకు అది పిలుపే, పైగా చక్రంలో పడుతుంది.

స్పీడ్ బ్రేకరు కనిపిస్తే దానికి ముందే బ్రేకు వేసి వదిలేసి, పెడళ్ళ మీద కాస్త లేచి దాటాలి. దాని మీద ఉండగా బ్రేకు పట్టకూడదు.

ఎవరైనా పడితే ముందు మీ వెనకాల ఉన్నవాళ్ళను రోడ్డు దించండి. వచ్చే బండ్లకు తెలిసేలా ఒకరు ఎగువకు నడిచి నిలబడాలి. పడినవాణ్ణి చేయి పట్టి లాగి లేపొద్దు. పేరేమిటి, ఎక్కడున్నాం, మెడ నొప్పిగా ఉందా అని అడిగి, తానే కదలగలిగితే లేవనివ్వండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టాలి. గీరుకున్న చోట మంచినీళ్ళతో కడగాలి. పసుపు, కాఫీపొడి చల్లే పెద్దమనుషులు దారిలో తప్పక తగులుతారు, దండం పెట్టి పంపేయండి. తలకు దెబ్బ తగిలి మాట తడబడినా, వాంతి అయినా, తికమకగా ఉన్నా 108కి ఫోన్ చేయండి, ఆ మనిషి మళ్ళీ సైకిలెక్కకూడదు. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్ళీ పనికిరాదు.

కిందికొచ్చాక

వాలు అయిపోయాక చదును దారిలో గుంపు పలచబడుతుంది. అప్పటిదాకా ఊరికే ఉన్న కాళ్ళు బరువుగా అనిపిస్తాయి, ఎదురుగాలి కూడా ఉండొచ్చు. సీట్లు మళ్ళీ పైకి లేపుకోమనండి, లేకపోతే మోకాళ్ళు నొప్పి. మనిషికి లీటరు నీళ్ళు ఉండాలి. జేబులో బెల్లం, చెనిక్కాయలు ఉంటే ఇక్కడ పనికొస్తాయి. కుర్రాళ్ళు పందెం వేసుకోవాలనుకుంటే ఈ చదునులో వేసుకోనివ్వండి. నిజానికి వాలులో వాళ్ళను ఆపడానికి ఈ ఆశ చూపడం కన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు. జమ్మలమడుగు దగ్గరపడి బండ్లు పెరిగేలోపు మళ్ళీ ఒకరి వెనక ఒకరు.

ఊళ్ళోకి వచ్చాక ఉగ్గాని, బజ్జీ. ఈ వరస మారకూడదు. కొండెక్కే ముందు కడుపునిండా ఉగ్గాని తిన్న మా బావమరిది మొదటి మలుపులోనే బజ్జీల రుచి మళ్ళీ చూశాడు. పైన అరటిపండో, రెండు ఇడ్లీలో చాలు.

తిన్నాక ఇంటికి పోయే ముందు ఒక పని ఉంటుంది. టైర్లు తిప్పుతూ గుచ్చుకున్న ముళ్ళను పట్టకారుతో తీసేయండి. ఒక్కోసారి ముల్లు తీయగానే బుస్సుమంటుంది, అక్కడే ప్యాచ్ వేసుకోవచ్చు. అలాగే వదిలేస్తే రాత్రికి మెల్లగా గాలి దిగి, తెల్లారేసరికి అద్దె సైకిలు షాపువాడితో తగువు. బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయో కూడా చూసి, ఏ సైకిలుకు మార్చాలో ఆ దారి చీటీ వెనకే రాసుకోండి.